పెట్టాను, పెట్టను: ఒక స్టెనో చెప్పే మాటలు

(స్త్రీల హక్కుల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికి వచ్చే స్త్రీల మాటను ఎలా రాసిపెట్టుకోవాలన్న విషయం మీద రెండు రోజులుగా మీరు చర్చించుకుంటున్నారు. నన్ను షార్ట్‌హ్యాండ్ గురించి చెప్పమన్నారు. ఫోనులో మీట నొక్కితే మాటంతా రికార్డయ్యే ఈ రోజుల్లో ఆ పాత గీతల గోల మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ముప్పై అయిదేళ్ళు పరాయి మాటలు రాసి బతికినదాన్ని. మాట నోట్లోంచి కాగితం మీదికి వచ్చే దారిలో ఏది రాలిపోతుందో నాకు తెలిసినంత మటుకు చెబుతాను.

నేను నేర్చుకున్నది 1970లలో. స్కూలు ఫైనలు పాసై, కాలేజీకి పంపే స్తోమత లేని ఇంట్లో ఆడపిల్లకు అప్పట్లో రెండే దారులు కనపడేవి. ఒకటి పెళ్ళి, రెండోది బజారు వీధిలో మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు పాసైతే ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం ఉండేది. దొరికేది కూడా. ఆ జీతంతో తమ్ముళ్ళను చదివించినవాళ్ళు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి తాము చేసుకోనివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ గురించి ఎవరూ కథ రాయలేదు గాని, వారపత్రికల్లో కార్టూన్లు మాత్రం బోలెడు వేశారు. బాసు, ఆయన బల్ల ముందు పొట్టి జాకెట్టు స్టెనో, తలుపు దగ్గర బాసు భార్య. ఆ కార్టూను చూసి నవ్వి, మర్నాడు పొద్దున మేము నోటుబుక్కు పట్టుకుని అదే గదిలోకి వెళ్ళేవాళ్ళం. 1997లో విశాఖ తీర్పు వచ్చేదాకా అక్కడ జరిగేదానికి పేరు కూడా లేదు. 2013లో చట్టం వచ్చింది. అది వేరే ప్రసంగం, ఇప్పుడు వద్దు.

ఇక గీతల సంగతి. ఐజాక్ పిట్‌మన్ అనే ఇంగ్లీషాయన 1837లో ఈ పద్ధతిని అచ్చు వేయించాడు. ఇందులో స్పెల్లింగు లేదు, చెవికి వినపడిన ధ్వనినే రాయాలి. ప, బ రెండింటికీ ఒకే గీత. సన్నగా గీస్తే ప, ఒత్తి లావుగా గీస్తే బ. ట-డ, చ-జ, క-గ కూడా అంతే. మన వర్ణమాల వచ్చినవాళ్ళకు ఇది చప్పున పట్టుబడేది. హల్లులకే గీతలు. అచ్చులన్నీ పక్కన పెట్టే చుక్కలు, చిన్న అడ్డగీతలు. వేగం పెరిగేకొద్దీ ఆ చుక్కలు పెట్టడం మానేస్తాం. పెడుతూ కూర్చుంటే నిమిషానికి నూరు మాటలు అందవు. పదం గీత మీద ఉందా, పైన ఉందా, గీతను కోస్తూ ఉందా అన్నదాన్ని బట్టి అచ్చు ఏదో పోల్చుకుంటాం. మిగిలింది జ్ఞాపకమే. అందుకే ఒకరి నోట్సు ఇంకొకరు చదవడం కష్టం. మూడు రోజులు ఆగితే ఎవరి నోట్సు వాళ్ళకే కొరుకుడు పడదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలో ఇంగ్లీషు స్టెనోకు నిమిషానికి ఎనభై మాటల చొప్పున పది నిమిషాల డిక్టేషను ఇస్తే, దాన్ని విప్పి రాయడానికి యాభై నిమిషాలు ఇస్తారు. వినడానికి పది, చదువుకోవడానికి యాభై. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంకొకటి చెప్పాలి. ఇంగ్లీషులో కాదు, లేదు అనే 'నాట్' అనే మాటకు చాలాచోట్ల విడిగా గుర్తు రాయం. 'ఐ యామ్ నాట్', 'యు ఆర్ నాట్' లాంటి పదబంధాల్లో ముందు మాట గీతకే చివర చిన్న కొక్కెం తగిలించి, గీత పొడవు సగం చేస్తాం. అంటే ఒక మనిషి కాదన్నదంతా గోరంత కొక్కెంలో ఉంటుంది.

నేను కొన్నేళ్ళు ఒక కోర్టులో పనిచేశాను. సాక్షి తెలుగులో చెబుతుంది. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి డిక్టేట్ చేస్తారు. నేను పిట్‌మన్ గీతల్లో రాసి, తర్వాత టైపు చేస్తాను. ఆమె తెలుగు, ఆయన ఇంగ్లీషు, నా గీతలు, మళ్ళీ ఇంగ్లీషు. ఇన్ని గడపలు దాటాక ఆమె మాట ఎంత మిగులుతుంది? 'అరవబోతే గొంతు పెగల్లేదు' అని సాక్షి అంటుంది. 'నేను కేకలు వేయలేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం నా పుస్తకంలో పడుతుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. కాని అరవబోయిన మనిషి పోయి, అరవని మనిషి మిగిలింది. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ప్రతిఘటన లేకపోవడంగా చదివింది. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధిలోకి వచ్చాక 1983లో చట్టం మారింది. ఆ లేఖ చదివిన రోజు నాకు మా కోర్టు హాలే కళ్ళకు కట్టింది.

డిక్టేట్ చేసింది రాయడమే నా పని. కాని పిట్‌మన్‌లో ఏ భాష ధ్వనైనా ఎంతో కొంత రాయవచ్చు. ఇంగ్లీషు 'థింక్'లో మొదటి ధ్వనికి ఒక సన్న గీత, 'దిస్'లో ధ్వనికి అదే గీత లావుగా ఉన్నాయి. వాటిని మన త, ద లకు వాడుకున్నాను. ళ, ణ లకు వేరే గీతల్లేవు, ల, న లతోనే సరిపెట్టుకున్నాను. ఇలా నాకోసం ఒక తెలుగు అలవాటు చేసుకున్నాను. తెలుగు షార్ట్‌హ్యాండుకు వేరే పరీక్షలున్నాయని తెలుసు గాని, నాది ఇంట్లో కుట్టుకున్న రవిక లాంటిది.

అది పనికొచ్చింది నెల్లూరు జిల్లాలో. అక్షరదీపం చదువుల్లో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు సారా కొట్లు మూయించిన రోజులవి. 1992లో దూబగుంట పేరు పేపర్లకెక్కింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ మధ్య కాలంలో సెలవు దొరికినప్పుడల్లా మా బృందంతో ఊళ్ళకు వెళ్ళేదాన్ని. టేపురికార్డరు పెడితే కొందరు నోరు విప్పేవారు కాదు. నేను మూల కూర్చుని గీతలు గీస్తుంటే ముగ్గు నేర్చుకుంటున్నావా అక్కా అని నవ్వి, మాట్లాడుకుంటూ పోయేవారు. రాస్తున్నానని చెప్పే రాశాను. అలా పదకొండు నోటుబుక్కులయ్యాయి.

రిటైరయ్యాక వాటిని విప్పడం మొదలుపెట్టాను. తెలుగుకు ఈ పద్ధతితో ఉన్న ముప్పు అప్పుడు పూర్తిగా తెలిసివచ్చింది. మన క్రియ చివర ఒక్క దీర్ఘంలో అవునూ కాదూ ఉన్నాయి. చెప్పాను, చెప్పను. వెళ్ళాను, వెళ్ళను. అచ్చులు తీసేస్తే రెండూ ఒకటే గీత. ఒకామెను రాజీ కాగితం మీద సంతకం పెట్టమని పెద్దమనుషులు కూర్చోబెట్టారు. ఆమె చెప్పిన మాట నా పుస్తకంలో ప-ట-న. పక్కన చుక్క పెట్టాను. లావు చుక్కయితే పెట్టాను, సన్న చుక్కయితే పెట్టను. ముప్పై ఏళ్ళకు పెన్సిలు చెదిరి ఆ చుక్క లావో సన్నమో తెలియడం లేదు. భూతద్దం పెట్టి రెండు రోజులు చూశాను. చివరికి చుక్క చెప్పలేదు, నాలుగు వరసల కింద ఆమే చెప్పింది. వేలిముద్రయితే చెయ్యి పట్టి వేయించుకునేవాళ్ళు, సంతకమైతే నా చెయ్యి కదలాలి కదా అంది. పెట్టలేదన్నమాట. ఆ నాలుగు వరసలూ నేను అనవసరమని వదిలేసి ఉంటే?

అందుకే సారాంశం రాసే అలవాటు మీద నాకు అనుమానం. 'భర్త వేధింపులు, రాజీకి నిరాకరణ' అని మన రిజిస్టర్లలో ఒక గడి నింపుతాం. గడి నిండుతుంది. చెయ్యి కదలాలి కదా అన్న మాట అందులో పట్టదు. పది నిమిషాలు విన్నదానికి యాభై నిమిషాలు కూర్చునే ఓపిక ఉండాలి, అదీ ఆ రోజే కూర్చోవాలి. ఫోనులో రికార్డు చేసి నెలల తరబడి వినకుండా ఉంచడం, నోట్సు విప్పకుండా బీరువాలో పెట్టడం రెండూ ఒకటే.

రాసింది చదివి వినిపించమని అడగడం దయ అడగడం కాదు. నోటితో ఇచ్చిన ఫిర్యాదును పోలీసులు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో ఇది 173వ సెక్షను. సెషన్స్ కోర్టులో సాక్ష్యానికి 313. సాక్ష్యం పూర్తయ్యాక చదివి వినిపించాలి, తప్పుంటే దిద్దమనవచ్చు. సాక్షికి అర్థంకాని భాషలో రాసి ఉంటే, ఆమె చెప్పిన భాషలోకి మార్చి వినిపించాలి. పాత చట్టంలో 278గా ఉన్నదే ఇది. నేను చూసినంతలో అడిగినవాళ్ళు బహు తక్కువ. సాక్షికి ముందురోజే ఈ మాట చెప్పి పంపండి. కోర్టు హాలులో ఆమెకు నోరు పెగలదు, పక్కన ఉండే లాయరుకు కూడా చెప్పి ఉంచండి.

పాత నోట్సు చదవడం అసాధ్యమేమీ కాదు. స్వీడన్‌లో పిల్లల కథలు రాసిన ఆస్ట్రిడ్ లింద్‌గ్రెన్ ఒకప్పుడు స్టెనో. తన పుస్తకాల చిత్తు ప్రతులు షార్ట్‌హ్యాండులోనే రాసుకునేది. 2002లో ఆమె చనిపోయేనాటికి 670 నోటుబుక్కులు మిగిలాయి. అవి చదవడం ఎవరి తరమూ కాదని చాలాకాలం అనుకున్నారు. 2020లో పరిశోధకులు పూనుకుని, తెలిసిన స్టెనోగ్రాఫర్లను కూడగట్టి చదివించడం మొదలుపెట్టారు. మన ఊళ్ళలో పిట్‌మన్ వచ్చిన ఆడవాళ్ళు డెబ్భై దాటి మనవల్ని ఆడిస్తున్నారు. మీ వీధిలో ఉంటే అడగండి, వాళ్ళ దగ్గరా ఏవో పుస్తకాలు ఉండే ఉంటాయి.

నా పదకొండింటిలో ఆరు పూర్తయ్యాయి. మిగిలినవాటిలో ఒకటి సిరాతో రాసింది, వానకు తడిసింది. సన్న గీతలు కొట్టుకుపోయి లావువే మిగిలాయి. బ, డ, గ, ద ఉన్నాయి. ప, ట, క, త లేవు. ఆ రోజు మాట్లాడినవాళ్ళలో ఇద్దరు కావలి దగ్గర ఉన్నారని తెలిసింది. వచ్చే నెల ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళి, ఉన్నంతవరకు వాళ్ళకు చదివి వినిపిస్తాను. మీలో ఎవరైనా తోడు వస్తామంటే రండి.