స్ఫటిక శిల్పం: మూస పగలగొట్టే చేయి



అద్దాల బీరువాలో మెరిసే స్ఫటిక బుద్ధుని చూచి మనం ధర అడుగుతాము. అది ఎన్ని దినములు బట్టీలో ఉన్నదో అడగము. ఆ రెండవ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

ఇది గనిలో దొరికే స్ఫటికం కాదు, సీసపు ఆక్సైడు కలిసిన గాజు. ముందు మట్టి నమూనా, దానికి రబ్బరు అచ్చు, అందులో మైనపు బొమ్మ. ఆ బొమ్మ చుట్టూ జిప్సమూ సిలికా పొడీ కలిపిన ముద్ద పోసి మూస కడతారు. ఆవిరితో మైనం కరగించి, ఆ ఖాళీపై గాజు ముక్కలు పేర్చి బట్టీకి ఎక్కిస్తారు. 800 డిగ్రీలు దాటిన వేడిలో గాజు పాకంవలె జారి మూల మూలకూ చేరుతుంది. మన ఆదిలాబాదు ఓజాలు డోక్రా ఇత్తడి బొమ్మలు పోసేదీ ఈ మైనపు ఉపాయంతోనే.

అయితే గాజుకు అసలు పరీక్ష కరగడంలో లేదు, చల్లారడంలో ఉన్నది. పైభాగం ముందు చల్లబడి లోపలిభాగం వేడిగా మిగిలితే బొమ్మ పగులుతుంది. అందుకే డిగ్రీ డిగ్రీగా దించుతారు. దళసరి శిల్పానికి వారాలు పట్టవచ్చు. రైల్వే కార్ఖానాల పోతపని సోదరులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు!

తైవాన్ నటి యాంగ్ హుయీషాన్, దర్శకుడు చాంగ్ యీ 1987లో సినిమాలు విడిచి ఈ పనికి పూనుకొన్నారు. ఏండ్ల తరబడి బొమ్మలు పగిలాయి, అప్పులు పెరిగాయి. 19వ శతాబ్దాంతంలో ఫ్రాన్సులో ఆన్రీ క్రో పునరుద్ధరించిన విద్యే ఇది. చైనాలోనైతే ఇంకా పాతది: మాన్‌చెంగ్‌లో 1968లో తవ్విన హాన్ రాజు ల్యూ షెంగ్ సమాధిలో పోతగాజు గిన్నెలు దొరికాయి.

ఇంతవరకు కళాకారుల పేర్లు చెప్పాను. చల్లారిన మూసను పగలగొట్టి, బొమ్మను అరగదీసి, మెరుగు పెట్టే కార్మికుని పేరు ఎక్కడా ఉండదు. మూస ఒకసారికే పనికివస్తుంది. ప్రతి బొమ్మకూ ఒక మూస పొడి కావలసిందే. ఆ పొడిలోని సన్నని సిలికా ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్; దానిని నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే దానిని ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. చట్టం చేరని చిన్న షెడ్లలో పనివాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకొంటాడు. సిలికా ధూళికి తువ్వాలు అడ్డమా?

నివారణ కష్టమేమీ కాదు. మూసను తడిపి పగలగొట్టాలి. రాపిడి నీటి ధారక్రింద జరగాలి. నేలను పొడి చీపురుతో ఊడ్వరాదు. ధూళిని లాగే యంత్రమూ, తగిన మాస్కూ యజమాని ఇవ్వాలి. బొమ్మ పగులుతుందని బట్టీని వారాలు కనిపెట్టుకొని ఉండేవారికి మూస తడిపే ఓపిక లేదనడం నేను నమ్మను.