ప్రయాణములో కత్తికి పదును
(ప్రసంగ పాఠము)



చెరకు కోతకు ఊరు విడిచి వెళ్లువారు, కందకుర్తి సంగమ స్నానమునకో బాసర దర్శనమునకో వెళ్లి అక్కడే వండుకొనువారు బియ్యము, పప్పు, కత్తి మరువరు. సానరాయిని మాత్రము ఎవరును వెంట తీసుకొనిపోరు. నాలుగు దినములకు కత్తి మొద్దుబారును. మొద్దు కత్తితో తెగదు గనుక చేతిబలము పెంచుదుము. ఆ బలముతోనే అది ఉల్లిగడ్డ పొర మీద జారి వ్రేలు తెంచును. కోతల కాలమున వ్రేలు తెగిన మనిషి ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనునో మీకు తెలియనిది కాదు.

1937లో స్థాపించిన శక్కర్‌నగర్ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అయినను బోధను చుట్టుపట్ల చెరకు వేయువారు ఇంకను కలరు. కోతవారి గుడిసెల వద్దకు సాన పట్టువాడు ఎక్కడ వచ్చును? కనుక చేతికందిన వస్తువుతోనే పదును పెట్టుకొనవలెను.

పింగాణీ చాయ్ కప్పును బోర్లించి చూడండి. అడుగున మెరుపు లేని గరుకు వలయము ఉండును. అది కత్తి ఉక్కు కంటె గట్టిది. కప్పును తడిబట్ట మీద బోర్లించి, గట్టిగా పట్టుకొని, కత్తిని పిడి వైపు నుండి కొన వరకు, వాదర ముందుగా, తేలికగా లాగవలెను. కత్తి వెన్నును ఎంత ఎత్తవలెనన్నదే అసలు సంగతి. కత్తి వెడల్పులో మూడవ వంతు చాలును. 3 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి 1 సెంటీమీటరు. అనగా సుమారు 20 డిగ్రీల వాలు.

ఒక ప్రక్కనే పది పర్యాయములు లాగి, రెండవ ప్రక్క బొటనవ్రేలిని వెన్ను నుండి వాదర బయటికి తేలికగా జరిపి చూడవలెను. వాదర పొడవునా ఎన్నడును జరుపరాదు. సన్నని గరుకు తగులువరకు లాగి, పిమ్మట రెండవ ప్రక్క అట్లే చేయవలెను. చివరకు ప్రక్కలు మార్చుచు బరువు తగ్గించి, తోలు బెల్టు మీద వెనుకకు లాగిన ఆ గరుకు పోవును.

కప్పు లేనిచో ఏటి ఒడ్డున దొరకు సన్నని రేణువుల చదునైన రాయిని తడిపి వాడవచ్చును. పాలరాయి పనికిరాదు; అది ఉక్కు కంటె మెత్తన. రెండు కత్తులను ఒకదానితో ఒకటి రాచుట చాలమందికి అలవాటు. దానివలన వంగిన వాదర కొంత నిలుచునే గాని క్రొత్త పదును పుట్టదు.

చెరకు కత్తికి కప్పు చాలదు. ఆకురాయి గాని పైన చెప్పిన రాయి గాని కావలెను. వెన్నును వెడల్పులో సగము ఎత్తవలెను. సుమారు 30 డిగ్రీలు. అంతకంటె పలుచని వాదర గట్టి కణుపు తగిలి చిట్లును. ఈ శ్రమ వృథా కాదు. మొద్దు కత్తితో నేలమట్టమునకు తెగక ఎత్తుగా కొట్టవలసి వచ్చును. పంచదార ఎక్కువగా నుండు అడుగు కణుపులు పొలములోనే మిగులును. చీలిన మోడు నుండి కార్శి పిలకలు సరిగా రావు.

పదును పెట్టిన కత్తిని కడిగి, తుడిచి, వాదరకు మడిచిన అట్టముక్క తొడిగి దారముతో కట్టి, పిల్లల చేతికందకుండ మూట అడుగున ఉంచవలెను.