ఏలకుల ధర ఫోన్‌లో ఉంది, ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

(బోడినాయకనూరులో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



డిజిటల్ సాంకేతికత, సామాజిక న్యాయం, స్త్రీ పురుష సమానత్వం. ఈరోజు మనకిచ్చిన అంశం ఇది. పేరు పెద్దదే గాని, విషయం మన ఊళ్లోనే ఉంది.

2007లో సుగంధ ద్రవ్యాల బోర్డు ఇక్కడ ఏలకుల ఈ-వేలం తెచ్చింది. నోటితో పాడే పాట కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ పలికిన ధర ఇడుక్కి కొండల్లోని తోట యజమానికి వెంటనే తెలుస్తుంది. మంచిదే. మరి ఆ కాయ కోసిందెవరు? తెల్లవారకముందే జీపులెక్కి బోడిమెట్టు దాటి వెళ్లే ఆడవాళ్లు. సైజు, రంగు చూసి ఏరిందెవరు? వాళ్లూ ఎక్కువగా ఆడవాళ్లే. ధర క్షణంలో కొండెక్కుతుంది. కాని ధర పెరిగిన రోజున వాళ్ల కూలి దానంతటది పెరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు పురుషుల్లో 57 శాతం, స్త్రీలలో 33 శాతం. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 21 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. అయినా ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మీకు తెలుసు. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫోన్‌లో ఇంగ్లీషు. అమ్మకు ఆ మూడోది అందదు.

ఇది సౌకర్యం సంగతి కాదు, కూలి సంగతి. నూరు రోజుల పనిలో 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లో వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు ఫోటో. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే, మట్టి మోసిన మనిషి రాలేదనే లెక్క. ఆ పనిచేసేవారిలో సగానికి పైగా స్త్రీలు.

లెక్కలో పేరు లేకపోతే ఏమౌతుందో బైబిలుకు తెలుసు. సంఖ్యాకాండము 26వ అధ్యాయంలో యుద్ధానికి వెళ్లగల పురుషులను లెక్కించారు. భూమి పంచేది ఆ లెక్కను బట్టే. 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు వచ్చి మోషే ముందు, ప్రధానుల ముందు నిలబడ్డారు. మా తండ్రికి కొడుకులు లేనందుకు మా వాటా పోవాలా అని అడిగారు. దేవుడు వారిని గద్దించలేదు, వారు చెప్పినది న్యాయమన్నాడు. చట్టమే మారింది. పట్టికలో లేనివారు ప్రశ్నించడం తిరుగుబాటు కాదు, విశ్వాసమే.

యౌవనులారా, పరిశోధన అంటే యూనివర్సిటీ వాళ్ల పనే అనుకోకండి. 1995లో లోకమంతటా స్వచ్ఛందంగా కొందరు ఒకే రోజు వార్తలు తీసుకుని, అందులో స్త్రీలు ఎంతమంది అని లెక్కపెట్టారు. 17 శాతం తేలింది. ఐదేళ్లకోసారి అలాగే లెక్కపెడితే 2020 నాటికి 25 శాతం. క్రైస్తవ సమాచార సంఘం వాక్ నడిపిన పని అది. మామూలు మనుషులు ఓపికగా లెక్కపెడితే కాదనలేని సాక్ష్యం తయారౌతుంది.

మీరూ ఒక నోటుపుస్తకం తీసుకోండి. మన సంఘంలోని స్త్రీలను మూడు ప్రశ్నలు అడగండి. అక్కా, ఫోన్ నీదేనా? బ్యాంకు మెసేజ్ ఎవరి నంబరుకు వస్తుంది? డబ్బు పడకపోతే ఎవరిని అడుగుతావు? వాళ్లు ఇష్టపడితేనే రాయండి. పేర్లు, నంబర్లు వద్దు. ఓటీపీ అసలే అడగకండి. వాళ్ల ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి.

తేలినదాన్ని ముందు ఆ స్త్రీలకే చదివి వినిపించండి. తర్వాత వాళ్లతో కలిసి బ్యాంకుకు, పంచాయతీకి వెళ్లండి. మాట్లాడేది వాళ్లు, పక్కన నిలబడేది మీరు. సెలోపెహాదు కుమార్తెల పక్షంగా ఎవరూ మాట్లాడలేదు. వారే మాట్లాడారు, మోషే విన్నాడు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.