లోయలోని తోడు

వాన వెనుకాడిన యేడు పెన్‌పహాడ్ పరిసరములలో మెట్టపైరు మాడిపోవుట చూచినవారికి "దేవుడెక్కడ?" అను ప్రశ్న క్రొత్తది కాదు. క్రైస్తవులమైన మనమును అడుగక యుండలేము. అడుగుట అవిశ్వాసమును కాదు.

23వ కీర్తనలో నొక విశేషము గలదు. పచ్చికబయళ్లలో నున్నంతసేపు కవి దేవుని "ఆయన" అని చెప్పుచుండును. చీకటిలోయలో అడుగిడగానే "నీవు" అని పిలుచును. లోయ తొలగినదని మాత్రము కీర్తన చెప్పదు.

1890లో మన నల్లగొండ సీమకు వచ్చిన బాప్టిస్టు మిషను, అంతకుముందే ఒంగోలులో ఆ లోయను చూచినది. 1876-78 నాటి మహాక్షామమున అచ్చటి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బోధకులే మేస్త్రీలు. పని విరామమున వారు కూలీలనడుమ కూర్చుండి, ప్రయాసపడువారిని క్రీస్తు పిలుచుచున్నాడని చెప్పెడివారు. చెప్పిన మాటలకంటె ఆ కూర్చుండుటయే గొప్పదని మాకు తోచును.

కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై కఱవు సాగినంతకాలము క్లౌ బాప్తిస్మము లాపివేసెను. కఠినమైన నిర్ణయమే. తరువాత, ఇక కూలియు లేదు, సహాయమును లేదని చెప్పినను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. వారందరును కఱవును కలరాయును కొల్లగొట్టిన పల్లెలనుండి వచ్చినవారు.