బందరు అచ్చు, దాని మీది హక్కులు

బందరు (మచిలీపట్నం) చుట్టుపక్కల అచ్చు అన్న మాటకు రెండర్థాలు. పెడనలో అది గుడ్డ మీద కలంకారీ అద్దకానికి వాడే టేకు దిమ్మ. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక వంటి వాటికి సీసపు అక్షరం. 1957 నాటి కాపీరైటు చట్టం రెండింటినీ చూస్తుంది గాని, ఒకే కంటితో చూడదు. నేడు పట్టా పుచ్చుకుని రేపు వకాలత్తు దాఖలు చేయబోయేవారికి తొలి మెలిక ఇక్కడే ఎదురవుతుంది.

పత్రిక సంగతి తేలిక. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు 1945లో మరణించారు. ఆయన సంపాదకీయాలు 2005తోనే అందరి సొత్తయ్యాయి. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు గనుక ‘వేయిపడగలు’ 2036 డిసెంబరు 31 దాకా హక్కుదారుల అనుమతి లేనిదే వేయకూడదు.

పాట అంత తేలిక కాదు. మాటకొక హక్కు, బాణీకొకటి, రికార్డుకు మరొకటి. గాయకుడికి మాత్రం 1994 సవరణ దాకా ఏ హక్కూ లేదు. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల 1974లోనే వెళ్లిపోయారు. అంత గొంతుకూ ఆయన బతికుండగా చట్టంలో చోటు దొరకలేదు. 2012 సవరణతో సినీ గీత రచయిత హక్కులు రాసిచ్చేసినా, సినిమా హాలుకు వెలుపలి వాడకంపై రాయల్టీలో వాటా వదులుకోలేడు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఫొటోలది ఇంకో చిక్కు. పత్రిక జీతగాడు తీసిన ఫొటోను పత్రికలో వేసుకునే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. పుస్తకంలో వేయాలంటే ఫొటోగ్రాఫరునే అడగాలి. ఈ తేడా తెలియక పంపిన లీగల్ నోటీసు తిరిగి పంపినవారికే తగులుతుంది.

అసలు చిక్కు పెడనది. కరక్కాయ నీట నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద పనివాడు అచ్చు ఆనించి, పిడికిలితో ఒక్కటి చరుస్తాడు. అలా గజాల కొద్దీ అదే లత. కాగితం మీది బొమ్మ కళాకృతి. కాని డిజైనుగా నమోదు కాదగ్గదాన్ని నమోదు చేయించకుండా, హక్కుదారే గాని అతని అనుమతితో మరొకరు గాని పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లు మించి వస్తువు మీదికెక్కిస్తే, 15వ సెక్షను కింద ఆ డిజైనులో కాపీరైటు పోతుంది. చేతి అద్దకం పారిశ్రామిక పద్ధతేనా? ఆ వాదనకు తావుంది. అయితే దాన్నే నమ్ముకుని దావా వేయడం సాహసం. మచిలీపట్నం కలంకారీకి ఉన్న భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ఒకరి లతను కాదు. మిగిలింది 2000 నాటి డిజైన్ల చట్టం: పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదు. అదీ కొత్త డిజైనుకే.

కనుక అచ్చు చేతబట్టుకుని కక్షిదారు గడప తొక్కినప్పుడు వకీలు మొదట అడగవలసింది ఒక్కటే: ఈ గుడ్డ ఇప్పటికే బజారుకెళ్లిందా? వెళ్లి ఉంటే, రిజిస్ట్రేషనుకు వేళ మించిపోయినట్టే.