పడసాలలో తీగలేని మీటలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో కొన్ని ఇండ్లయందు కంప్యూటరు పిల్లల చదువుబల్లను వీడి పడసాలకు వచ్చినది. గోడకు తగిలించిన టీవీయే దానికి తెర. ఇంటివారు పదిపన్నెండడుగుల దూరమున సోఫాలోనో, మంచముమీదనో కూర్చుండి, కీబోర్డును ఒడిలో పెట్టుకొని బెంగుళూరులోని కుమారునితో మాటలాడుదురు. కుమార్తె కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు నింపును. తండ్రి బ్యాంకు లెక్క చూచుకొనును. అంత దూరము తీగ లాగినచో వచ్చిపోవువారి కాళ్లకు తగులును గనుక తీగలేని కీబోర్డు, మౌసు అవసరమైనవి.

అయితే దరఖాస్తులో పేరు వ్రాయుచుండగా నడుమ ఒక అక్షరము జారిపోవును; లేదా ఒకే అక్షరము మూడుమారులు పడును. సంకేతపదము తప్పినదని యంత్రము గద్దించును. కీబోర్డు పాడైనదని తలచి అంగడికి పోవుదురు. చాల సందర్భములలో అది పాడు కాలేదు. అది పంపిన మాట అందలేదు, అంతే.

తీగలేని కీబోర్డనగా ఒక చిన్న రేడియో కేంద్రము. మీట నొక్కినప్పుడెల్ల అది ప్రసారము చేయును. కంప్యూటరుకు గుచ్చిన గోరంత డాంగిల్ దానిని వినును. కడప ఆకాశవాణిని మీరు విన్న 900 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు ఇంచుమించు 333 మీటర్లు. అట్టి అల మేడలను, మిట్టలను చుట్టుకొని వచ్చి చేరును. కీబోర్డు అల 2.4 గిగాహెర్ట్జులది, దాని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడైనను లేదు. ఒకటిరెండు సెల్లులతో నెలల తరబడి నడువవలెను గనుక శక్తియు స్వల్పమే. ఇనుప బీరువాగాని, టీవీ వెనుకనున్న లోహపు పలకగాని అడ్డమైనచో అది చిక్కిపోవును. మిద్దె యింటి మందపు రాతిగోడ ఆవల కంప్యూటరు నుంచినను అంతే. మనుష్యదేహములోని నీరు కూడ ఈ అలను మ్రింగును. నలుగురు బంధువులు నడుమ నిలిచినను చాలును!

ఇంతకంటె పెద్ద శత్రువు కంప్యూటరులోనే కలదు. యూఎస్‌బీ 3.0 పరికరములు, వాని తీగలు సరిగా ఈ 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతములోనే రొద వెలువరించునని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రమున వివరించినది. డాంగిల్‌ను అట్టి రంధ్రములో గుచ్చి, ప్రక్కనే బయటి డిస్కు తగిలించితిమా, తిరునాళ్లలో చెవిలో చెప్పిన రహస్యమే యగును. మూరెడు పొడవుగల యూఎస్‌బీ పొడిగింపు తీగ యొకటి తెచ్చి, డాంగిల్‌ను టీవీ వెనుకనుండి ముందునకు లాగి, మీరు కూర్చుండు చోటికి ఎదురుగా నుంచుడు. తీగ వలదని కొన్న వస్తువునకై తీగ కొనుట వింతగా తోచవచ్చును గాని, క్రొత్త కీబోర్డు కొనుటకంటె ముందు చేయదగిన పని ఇదియే.

మౌసు చిక్కు మన జిల్లావారికి మరి ప్రత్యేకము. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు గనుల నల్లబండ మన అలమారలలో, అరుగులపై కనబడును గదా! మౌసు అడుగునున్న కన్ను సెకనుకు వేలకొలది చిత్రములు తీసి, ఒకదానితో నొకటి పోల్చి తన కదలికను తెలిసికొనును. అద్దమువలె మెరుగుపెట్టిన బండపై పోల్చుటకు గుర్తులు దొరకక తెరమీది బాణము గంతులు వేయవచ్చును. మెరుగులేని బండపై ఈ బాధ తక్కువ. నోటుపుస్తకపు అట్ట క్రింద వేసినను సరిపోవును. సోఫాలో కూర్చుండువారికి మాత్రము, వ్రేలితో రాయు టచ్‌ప్యాడ్ కలిసియున్న కీబోర్డే మేలని నా అభిప్రాయము.

ఈ ఊహ క్రొత్తది కాదు. 1983లో ఐబీఎం ప్రకటించిన పీసీజూనియర్ అను గృహ కంప్యూటరుకు తీగలేని కీబోర్డే యుండెను. అది పరారుణ కాంతితో మాటలాడెడిది. ఎవరైన అడ్డు వచ్చినచో మాట నిలిచిపోయెడిది. కాని కాంతి గోడ దాటదు. రేడియో అల దాటును.

అసలు భయము ఇచ్చటనే యున్నది. 2016లో అమెరికాలోని బాస్టిల్ సంస్థ పరిశోధకులు కొన్ని చౌక కీబోర్డులు అక్షరములను ఏ గూఢలిపియు లేకయే పంపుచున్నవనియు, వానిని 250 అడుగుల దూరమునుండి వినవచ్చుననియు చూపిరి. ప్రొద్దుటూరు ఇరుకు వీధులలో 250 అడుగులలోపల ఎన్ని ఇండ్లుండునో ఊహించుడు! కొనునపుడు పెట్టెపై ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ అని వ్రాసియున్నదా యని చూడుడు. బ్లూటూత్ కీబోర్డైనచో, జత కుదుర్చునపుడు తెరపై కనబడిన అంకెలను నొక్కుమని అడుగునది మంచిది. ఈ రెండును తెలియనిచో, బ్యాంకు సంకేతపదము వ్రాయుటకు పాత తీగ కీబోర్డును అటకపైనుండి దింపుడు. పడసాలలో చుట్టములుండగా, అంత పెద్ద తెరమీద లెక్క తెరువకుండుటయు మంచిదే.

ఇక డాంగిల్ మాట. చాల మౌసుల కడుపులో, సెల్లుల ప్రక్కన, దానికొక చిన్న గూడుండును. ఊరికి పోవునపుడు అందుంచుడు. కొన్ని కంపెనీల డాంగిళ్లు విడిగా దొరకును, మరల జత కుదురును. తక్కినవానిలో అది పోయినచో మంచి కీబోర్డు కూడ మూగదగును.