పెట్రోలు కార్ల నిషేధము: దూబగుంట పాఠము

(నెల్లూరు తీరమున నొక పఠనమందిరములో చేసిన యుపన్యాసము)



పెట్రోలు, డీజిలు కార్ల క్రొత్త విక్రయములను శాసనముచే నిలిపివేయవలయునా యను ప్రశ్నపై మాటలాడుమని మీరు మమ్ము కోరితిరి. ఇది పరదేశముల వివాదమనియు, కార్లు అరుదైన మన తీరగ్రామములకు దీనితో పనిలేదనియు కొందరి తలంపు. మే మట్లు తలంపము. విక్రయ నిషేధమనిన నేమో నెల్లూరు సీమకు ఒకరు నేర్పవలసిన పనిలేదు.

1992లో దూబగుంటలో రోశమ్మగారును తోడి స్త్రీలును సారా అంగడికి అడ్డు నిలిచిరి. మేమప్పుడు బడిపిల్లలము. ఆ కెరటము జిల్లా యంతట వ్యాపించి సారా వేలములను సాగనీయలేదు. 1993లో రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. ఆ నిషేధము నిలిచినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలిపోయినది. దొంగసరకు నాపలేకపోవుట యొక కారణము. పన్ను రాబడి లేక ఖజానా తాళలేకపోవుట మరియొక కారణము. ఏ వస్తువు పన్నుపై ప్రభుత్వము బ్రతుకుచున్నదో, ఆ వస్తువును అది మనఃపూర్వకముగా నిషేధింపజాలదు. ఈ పాఠమును పెట్రోలునకు అన్వయించి చూతము.

2030 నాటికి దేశమున ఒక్క పెట్రోలు, డీజిలు కారైనను అమ్ముడుపోరాదని 2017లో నాటి కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రి పీయూష్ గోయల్ గారు పలికిరి. 2023 నుండి మూడు చక్రముల బండ్లును, 2025 నుండి చిన్న ఇంజనుల ద్విచక్రములును విద్యుత్తుతోనే నడువవలయునని 2019లో నీతి ఆయోగ్ సూచించినది. తయారీదారులు గగ్గోలు పెట్టిరి. అట్టి నిషేధమేదియు తలపెట్టలేదని అదే సంవత్సరమున మంత్రి గడ్కరీ గారు సెలవిచ్చిరి. మన రాష్ట్రమో? 2024 నాటికి అమరావతిలో పెట్రోలు, డీజిలు కార్ల నమోదును ఆపుట 2018 నాటి విద్యుద్వాహన విధానమున నొక లక్ష్యము. ఆ సంవత్సరము వచ్చినది, పోయినది, నమోదులు ఆగలేదు.

న్యాయవాదులము గనుక ఒక్క మాట చెప్పుదుము: ప్రకటన శాసనము కాదు. శాసనసభలో చర్చకు రాని తేదీ నీటిపై వ్రాత. శాసనమైనను స్థిరమని నమ్మరాదు. 2035 తరువాత పొగ విడుచు క్రొత్త కారు అమ్మరాదని 2023లో శాసించిన ఐరోపా సంఘములోనే, 2025 డిసెంబరున ఆ నియమమును సడలించు ప్రతిపాదన బయలుదేరినది.

ఇక ఖజానా సంగతి. ఇటీవలి సంవత్సరములలో మన రాష్ట్రము పెట్రోలుపై నూటికి 31 పాళ్ల పన్నును, అదిగాక లీటరుకు 4 రూపాయలను వసూలు చేయుచు వచ్చినది. ఈ రాబడికి బదులేదో చెప్పక నిషేధము పలుకువాడు 1997ను మరల పిలుచుచున్నాడు.

"కారు పొగ మానినను కృష్ణపట్నము పొగగొట్టము మానునా?" యని ప్రతిపక్షులు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్న. నేలటూరులోని దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము 2,400 మెగావాట్లది, బొగ్గుతోనే నడచును. పట్టణపు వీధిలో పోయిన పొగ మన తీరముపై తేలినచో అది దేశసేవ కాదు, భారపు బదిలీ. అయినను వేలకొలది బండ్ల పొగను పట్టుటకంటె ఒక గొట్టపు పొగను పట్టుట సులభము. నేడు బొగ్గుతో నడచు బండి రేపు ఎండతో, గాలితో నడువగలదు. పెట్రోలు బండికి ఆ భాగ్యము లేదు. దేశమున వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది. ఆ సొమ్ము మనది.

మరి మన తీరపు ఉత్తర దిక్కున, రామాయపట్టణము వద్ద, నూతన చమురుశుద్ధి కర్మాగారమునకై సన్నాహములు చేయుటకు భారత్ పెట్రోలియం 2024 డిసెంబరులో 6,100 కోట్లు మంజూరు చేసినది. ఒక చేత పెట్రోలును విడువుమని, ఒక చేత దాని కొలిమిని కట్టు దేశము తన మనస్సును ముందు తెలిసికొనవలయును.

చేపల గంపలతో మైపాడునుండి నెల్లూరు చేరు ఆటో సోదరుడు మమ్మడుగును: "నా బండిని లాగుకొందురా?" లేదు నాయనా! విక్రయ నిషేధము క్రొత్త బండ్లకే. ఉన్న బండి ఉన్నవానిదే. కాని తరువాతి బండికి అప్పు ఎవరిత్తురు? నీ ఊర దానికి కరెంటెక్కించు చోటు కలదా? ఈ రెంటికి సమాధానము లేని నిషేధము పేదవాని వీపుపై పడును.

1921లో గాంధీమహాత్ముడు పల్లిపాడున పినాకినీ ఆశ్రమమును ప్రారంభించిరి. విదేశవస్త్రమును విడువుమన్న ఆ నాటివారు రాట్నమును కూడ చేతికిచ్చిరి. నేడును అదియే మార్గము. బ్యాటరీ గూడ పరదేశమునుండియే రావలసినచో మరల పాత దాస్యమే.

కావున మేము నిషేధమునకు విరోధులము కాము, తేదీ కావలయును. ఆ తేదీని శాసనసభ నిర్ణయింపవలయును. పన్నులోటు ఎట్లు పూడునో ఆనాటి బడ్జెటు చెప్పవలయును. బస్సులు, ఆటోలు ముందు, సొంతకార్లు తరువాత మారవలయును. నేలటూరు ప్రజకు ఊపిరి దక్కవలయును. ఈ నాలుగింటిని అడుగుటకు మన మెవరి అనుమతికిని వేచియుండ నక్కరలేదు. దూబగుంట స్త్రీలు వేచియుండలేదు.